ఆకు చూడకుండా మందు చెప్పకండి

(టెక్సాస్‌లోని ప్లేనోలో, మార్చి నెలలో తెలుగు కుటుంబాలు మొక్కలు, విత్తనాలు ఇచ్చిపుచ్చుకున్న రోజున కాలిన్ కౌంటీ మాస్టర్ గార్డెనర్ ఒకరు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని రాసిన పాఠం ఇది.)

అందరికీ నమస్కారమండీ. వెనక కూర్చున్నవాళ్ళకి వినబడుతోందా? వినబడకపోతే ముందుకి రండి, మొదటి వరసంతా ఖాళీయే. మొదటి వరసంటే మనవాళ్ళకి ఎందుకో స్కూల్లోంచీ భయం.

ముందు ఒక సంగతి అడుగుతాను. మన వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒకరు ఫొటో పెడతారు. "మల్లె మొక్క ఆకులు పసుపురంగుకి తిరుగుతున్నాయి, ఏం చెయ్యాలి?" అని. టీ తాగి వచ్చేలోపు ఎన్ని జవాబులొస్తాయి? ఒకరు ఎప్సం సాల్ట్ అంటారు. ఒకరు కాఫీ పొడి. ఒకరు బియ్యం కడుగు. ఒకరు పుల్లమజ్జిగ. ఇంకొకరు, "మా ఇంట్లోనూ అంతే అయింది, చచ్చిపోయింది" అంటారు. అది జవాబు కాదు, పరామర్శ. సరే, ఇన్ని జవాబులొచ్చాయి కదా, ఒక్కరంటే ఒక్కరు తిరిగి ప్రశ్న అడిగారా? ఏ ఆకులమ్మా, పైవా, కిందవా? కుండీలో ఉందా, నేలలోనా? నీళ్ళు ఎప్పుడు పోశావు? ఎండ ఎంతసేపు తగులుతుంది? అడగరు. మనకి మందు తెలుసు. జబ్బేమిటో తెలియకపోయినా మందు తెలుసు.

నేను ఇవాళ చెప్పబోయే మాస్టర్ గార్డెనర్ శిక్షణ అంటే, నా దృష్టిలో, ఆ ప్రశ్నలు అడగడం నేర్చుకోవడమే. పేరు చూసి బెదిరిపోకండి. "నా చేతిలో తులసి కూడా బతకదు, నేనెక్కడ మాస్టర్" అని చాలామంది అంటారు. తోట బాగా పెంచేవాళ్ళకిచ్చే బిరుదు కాదిది. నేర్చుకుని, నేర్చుకున్నది ఊరికి తిరిగిచ్చే వాలంటీరు అని అర్థం.

ఇది ఎలా మొదలైందో చెప్తాను, బాగుంటుంది. అమెరికాలో ప్రతి రాష్ట్రంలోనూ ల్యాండ్ గ్రాంట్ యూనివర్సిటీలున్నాయి. 1862లో, లింకన్ కాలంలో, కాలేజీలు పెట్టడానికి రాష్ట్రాలకి ప్రభుత్వ భూములిచ్చిన చట్టంతో పుట్టాయి. మన రాష్ట్రంలో టెక్సాస్ ఏ అండ్ ఎం అలాంటిదే. అక్కడ పరిశోధన జరుగుతుంది, సరే. ఆ పరిశోధన రైతు చేను దాకా ఎవరు తెస్తారు? దానికోసం 1914లో స్మిత్-లీవర్ చట్టం అని ఇంకొకటి వచ్చింది. ప్రతి కౌంటీకీ ఒక ఎక్స్‌టెన్షన్ ఆఫీసు, అందులో ఏజెంట్లు. మన దగ్గర మండల వ్యవసాయాధికారి, కృషి విజ్ఞాన కేంద్రం ఉన్నాయి చూడండి, ఆ పనే.

ఇంకో మాట. ఈ ఎక్స్‌టెన్షన్ పనికి మూలం మన పక్కనే ఉంది, మీలో ఎంతమందికి తెలుసు? టెరెల్. అవును, డాలస్‌కి తూర్పున, ఇక్కడినుంచి గంట కూడా పట్టదు. 1903లో సీమన్ నాప్ అనే ఆయన అక్కడికి వచ్చి, కొత్త సేద్యం పద్ధతిని ప్రభుత్వ క్షేత్రంలో కాదు, ఒక రైతు సొంత చేలో, ఆ రైతు చేతులతోనే చేయించాలన్నాడు. రైతుకి నష్టమొస్తే? ఊళ్ళో వ్యాపారులు చందాలేసుకుని, నష్టం వస్తే మేం భరిస్తాం అని డబ్బు పక్కన పెట్టారు. పోర్టర్ అనే రైతు ఒప్పుకున్నాడు. నష్టం రాలేదు, లాభమే వచ్చింది. అప్పట్లో పత్తిని బోల్ వీవిల్ అనే పురుగు తినేస్తోంది ఇక్కడ, జనం బెంబేలెత్తిపోయి ఉన్నారు. అందుకే ఈ పద్ధతిని వెంటనే అందుకున్నారు.

మనకి కూడా దీంతో చుట్టరికం ఉందండోయ్. 1964లో హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు, ఈ ల్యాండ్ గ్రాంట్ నమూనాలో దాన్ని నిలబెట్టడానికి తోడొచ్చింది కాన్సస్ స్టేట్ యూనివర్సిటీ. ఇక్కడ బాపట్లలోనో రాజేంద్రనగర్‌లోనో అగ్రికల్చర్ బీఎస్సీ చదివినవాళ్ళు ఉన్నారా? ఉన్నారు, ఉన్నారు. చెయ్యెత్తడానికి మొహమాటమెందుకు? మిమ్మల్ని కాఫీ టైములో పట్టుకుంటాను.

సరే, మాస్టర్ గార్డెనర్ సంగతికొద్దాం. 1970ల మొదట్లో వాషింగ్టన్ రాష్ట్రంలో, సియాటిల్, టకోమా ఊళ్ళు పెరిగిపోతున్నాయి. ఎక్స్‌టెన్షన్ ఏజెంట్లు రైతుల కోసం ఉన్నవాళ్ళు. కానీ ఫోన్లన్నీ ఎవరి దగ్గర్నుంచి? ఇళ్ళ వాళ్ళ దగ్గర్నుంచి. గులాబీకి మచ్చలు, లాన్‌లో కలుపు, టమాటాకి తెగులు. డేవిడ్ గిబ్బీ అనే ఏజెంటు, తన తోటి ఏజెంటు బిల్ షీర్‌తో కలిసి ఆలోచించాడు. మనం ఇద్దరం ఎంతమందికని చెప్తాం? ఆసక్తి ఉన్న మామూలు జనానికి మనమే పాఠాలు చెప్తే, వాళ్ళు ఆ గంటలకి బదులుగా ఊరివాళ్ళ ప్రశ్నలకి జవాబులు చెప్తారు కదా? యూనివర్సిటీలో కొందరు పెదవి విరిచారట, మామూలు వాళ్ళు ఏం చెప్పగలరు అని. 1972లో టకోమా మాల్‌లో ఒక బల్ల వేసి కూర్చున్నారు, జనం వస్తారో రారో చూద్దామని. జనం విరగబడి వచ్చారు. 1973లో మొదటి శిక్షణ తరగతులు జరిగాయి. ఇవాళ అమెరికాలో దాదాపు ప్రతి రాష్ట్రంలోనూ ఉంది, కెనడాలో కూడా ఉంది.

ఆ బేరం ఇప్పటికీ అదే. వాళ్ళు నేర్పుతారు, మనం గంటలు చెల్లిస్తాం. టెక్సాస్‌లో లెక్క ఏమిటంటే, కనీసం 50 గంటల క్లాసులు, మొదటి ఏడాదిలో 50 గంటల సేవ. అవి అయ్యేదాకా మీ బ్యాడ్జి మీద ఇంటర్న్ అని ఉంటుంది. అయ్యాక సర్టిఫికెట్. తర్వాత ప్రతి ఏడాదీ కనీసం 12 గంటల సేవ, 6 గంటల కొత్త చదువు ఉంటేనే బ్యాడ్జి నిలుస్తుంది. కొన్ని కౌంటీలు ఇంతకంటే ఎక్కువ అడుగుతాయి. వేరే రాష్ట్రాల్లో లెక్కలు వేరు, న్యూజెర్సీలో మీ అక్కయ్యకి నా అంకెలు చెప్పకండి. దరఖాస్తు పెట్టాలి, బ్యాక్‌గ్రౌండ్ చెక్ ఉంటుంది, ఫీజు ఉంటుంది, అది పుస్తకాలకీ క్లాసులకీ. క్లాసులు చాలాచోట్ల పగటిపూటే. ఉద్యోగం చేసేవాళ్ళకి అదే ఇబ్బంది, దాచేదేముంది. అందుకే రిటైరైనవాళ్ళు ఎక్కువ కనబడతారు. కొన్ని కౌంటీల్లో కొన్ని క్లాసులు ఆన్‌లైన్‌లో కూడా ఉంటున్నాయి, అడగండి. వీసా గురించి కూడా అడుగుతున్నారు కొందరు. జీతం లేని సేవే ఇది, అయినా ఎవరి పరిస్థితి వాళ్ళది, దరఖాస్తుకి ముందే కౌంటీ ఆఫీసుకి ఫోన్ చేసి కనుక్కోండి. నేను మొక్కల గురించి చెప్తాను గానీ ఇమ్మిగ్రేషన్ గురించి చెప్పను.

చెప్పకూడని విషయాలు ఇంకా ఉన్నాయి. ఈ సంగతి కొంచెం జాగ్రత్తగా వినండి, ఎందుకంటే మన వాళ్ళకి ఇక్కడే చిరాకు వస్తుంది. బ్యాడ్జి పెట్టుకున్నప్పుడు మనం చెప్పేది యూనివర్సిటీ మాట. పరిశోధనలో తేలినదే చెప్పాలి. "మా నాయనమ్మ ఇలా చేసేది" అంటే కుదరదు. నాయనమ్మ చెప్పింది తప్పని కాదు, నిరూపణ అయిందా లేదా అని. పురుగుమందు విషయంలో డబ్బా మీద రాసిందే చట్టం, అక్షరాలా చట్టమే. ఏ మొక్కకి వాడమన్నారో దానికే, ఎంత వాడమన్నారో అంతే. "ఇండియా నుంచి ఒక పొడి తెచ్చాను, చిటికెడు చాలు" అంటే నేను చెవులు మూసుకుంటాను. ఇక్కడ రిజిస్టర్ కాని మందు ఇక్కడ వాడకూడదు. పైగా మీరు తినే తోటకూర మీద చల్లేదే కదా అది?

మందులంటే ఇంకో రకం. ఈ ఆకు తింటే షుగర్ తగ్గుతుందా? ఈ కషాయం మోకాళ్ళ నొప్పికి మంచిదా? ఈ పుట్టగొడుగు వండుకోవచ్చా? చెప్పం. మొక్క పేరు చెప్తాం, ఎలా పెంచాలో చెప్తాం, తింటే ఏమవుతుందో డాక్టర్ని అడగండి అంటాం. మాస్టర్ గార్డెనర్ అని బోర్డు పెట్టుకుని మొక్కలమ్ముకోవడం, డబ్బు తీసుకుని తోట డిజైన్ చేయడం, అవీ కుదరవు.

మరి ఏం నేర్పుతారు? మొక్క శరీరం ఎలా పనిచేస్తుంది, మట్టి, ఎరువు, నీళ్ళు, చీడలు, తెగుళ్ళు, కూరగాయలు, పళ్ళచెట్లు, లాన్, కత్తిరింపులు, కంపోస్టు. అన్నిటికీ వెన్నెముక సమగ్ర సస్యరక్షణ. ముందు పురుగేదో గుర్తుపట్టు. అది నష్టం చేసేదా, మేలు చేసేదా చూడు. నష్టం చేసేదైనా, మందు కొట్టేంత నష్టమా? చేత్తో ఏరేస్తే పోతుందా, గట్టిగా నీళ్ళు చిమ్మితే పోతుందా? మందు ఆఖరి మాట. పేనుబంక ఉన్నచోట అక్షింతల పురుగు పిల్లలు తిరుగుతుంటాయి, నల్లగా, నారింజ మచ్చలతో, చిన్న మొసలి పిల్లల్లా ఉంటాయి. అవి పేనుబంకని తినేవి. మనవాళ్ళు ముందు వాటినే చంపుతారు, చూడ్డానికి భయంగా ఉన్నాయని!

ఇప్పుడు నాకు ఇష్టమైన భాగం. మట్టి.

రైతుబజారు లాంటిది ఇక్కడ ఫార్మర్స్ మార్కెట్ అంటారు కదా, అక్కడ శనివారాలు మా బల్ల ఉంటుంది. ఒకసారి ఒక పెద్దాయన వచ్చారు, కూతురు ఇంటికి వచ్చారు గుంటూరు వైపు నుంచి. చొక్కా జేబులోంచి మల్లె ఆకు తీశారు, కాగితంలో చుట్టి. ఇంకో జేబులోంచి మట్టిగడ్డ. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. మట్టి కూడా తెచ్చేవాళ్ళు లక్షకొకరు. ఆకు చూస్తే, ఈనెలు పచ్చగానే ఉన్నాయి. ఈనెల మధ్య మాత్రం పసుపు. గీత గీసి రంగేసినట్టుంది. "అన్ని ఆకులూ ఇలానే ఉన్నాయా బాబాయ్?" అన్నాను. "లేదమ్మాయ్, చిగుళ్ళే ఇట్టా ఉండాయి. ముదురాకు బానే ఉంది" అన్నారు. చూశారా, ఆయన చూసి వచ్చారు. ఆ ఒక్క ముక్కతో సగం తేలిపోయింది. నత్రజని తక్కువైతే ముందు కింది ముదురాకులు మొత్తంగా పాలిపోతాయి, ఎందుకంటే మొక్క ఆ నత్రజనిని పాత ఆకుల్లోంచి లాగి చిగురుకి పంపుకోగలదు. ఇనుముని అలా పంపలేదు. అందుకని ఇనుము తక్కువైతే చిగురు పసుపవుతుంది, ఈనెలు పచ్చగా మిగులుతాయి.

ఆ తర్వాత ఆయన మట్టిగడ్డని వేళ్ళతో నలిపి, కొంచెం నీళ్ళడిగి తడిపి, బొటనవేలితో నొక్కి సాగదీశారు. రిబ్బన్‌లా సాగింది. మాకు క్లాసులో నేర్పిన పరీక్ష అది, ఆయన ఎక్కడా నేర్చుకోకుండానే చేశారు. "ఇది మా నల్లరేగడే కదమ్మా" అన్నారు. అవునండీ, అదే! డాలస్ చుట్టుపక్కల ఉన్న బ్లాక్‌ల్యాండ్ ప్రెయిరీ మట్టి, మన నల్లరేగడి, ఒకే జాతి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. ఇక్కడా పత్తే పండించారు దీంట్లో. ఎండాకాలం మన ఇళ్ళ గోడలు బీటలిస్తున్నాయి కదా, పునాది చుట్టూ నీళ్ళు పెట్టమని చెప్తారు కదా, దాని పుణ్యమే. అమెరికా వచ్చి ఇంటి పునాదికి నీళ్ళు పోస్తామని ఎవరైనా అనుకున్నామా?

బల్ల మీద వెనిగర్ సీసా ఉంటుంది మా దగ్గర. ఎండిన మట్టి మీద ఒక్క చుక్క వేశాను. బుసబుసమని నురగ వచ్చింది. పెద్దాయన కళ్ళు పెద్దవయ్యాయి. "సున్నం!" అన్నారు. అవును, ఈ నేల కింద ఉన్నదంతా సున్నపురాయి జాతి. మట్టి పీహెచ్, అంటే పులుపు-క్షారం కొలత, చాలాచోట్ల 7.5 పైన, 8 దాకా ఉంటుంది, క్షారం వైపన్నమాట. ఇనుము మట్టిలో లేక కాదు, ఉంది, కానీ ఆ పీహెచ్‌లో మొక్కకి అందని రూపంలో ఉంటుంది.

ఇప్పుడు చెప్పండి. ఇలాంటి నేలలో పొయ్యిబూడిద చల్లితే ఏమవుతుంది? బూడిద కూడా క్షారమే. ఉన్న జబ్బు ముదురుతుంది. కోడిగుడ్డు పెంకులు? అవీ కాల్షియమే, సున్నంలో సున్నం. టమాటా కాయ అడుగున నల్లగా కుళ్ళుతుంది చూడండి, కాల్షియం లోపం అంటారు, అందరూ గుడ్డు పెంకులు వేస్తారు. ఈ మట్టిలో కాల్షియానికి కరువు లేదండీ. ఒకరోజు వరదలా నీళ్ళు పోస్తాం, నాలుగు రోజులు ఎండబెడతాం, దాంతో కాయకి కాల్షియం అందదు. నీళ్ళు సమంగా పెట్టి, వేళ్ళ మీద ఎండుటాకులో గడ్డో మల్చింగ్‌గా కప్పితే చాలావరకు సర్దుకుంటుంది.

మజ్జిగ అడుగుతారు, తెలుసు. ఇంకా అడగలేదు గానీ రెండో వరసలో అక్క మొహంలో కనబడుతోంది. పుల్లమజ్జిగ పోస్తే కరివేపాకు బాగా పెరుగుతుంది అంటారు కదా? మజ్జిగ పులుపే, నిజం. నేలలో వేసిన మొక్కకైతే, అక్కడున్న సున్నం ముందు చెంబెడు మజ్జిగ ఏపాటి? బ్యాడ్జి పెట్టుకుని నేను మజ్జిగ చెప్పలేను. అంత సున్నపు నేలలో పనిచేసేది ఈడీడీహెచ్‌ఏ రకం చీలేటెడ్ ఐరన్, అంటే సున్నపు నేలలో కూడా మొక్కకి అందే రూపంలో ఉండే ఇనుము, పొట్లం మీద ఆ అక్షరాలు చూసి కొనండి. లేదా కరివేపాకు, మల్లె లాంటివి పెద్ద కుండీలో మంచి పాటింగ్ మిక్స్‌లో పెంచండి. ఎలాగూ చలికాలం లోపలికి తేవాలి కదా. 2021 ఫిబ్రవరిలో డాలస్‌లో ఫారెన్‌హీట్ సున్నాకి 2 డిగ్రీలు కిందకి దిగింది, గుర్తుందా? కరెంటు లేక మనమే వణికాం, గరాజ్‌లో పెట్టిన కరివేపాకులు చాలా ఇళ్ళల్లో పోయాయి. మజ్జిగ మీరు తాగండి.

అన్నిటికంటే ముందు మట్టి పరీక్ష. కాలేజ్ స్టేషన్‌లో ఏ అండ్ ఎం ల్యాబ్ ఉంది. తోటలో నాలుగైదు చోట్ల మట్టి తీసి, కలిపి, సంచిలో వేసి పోస్టులో పంపితే రిపోర్టు వస్తుంది. ఒక సినిమా టికెట్టు, పాప్‌కార్న్ ఖర్చు. మనం ఎరువు బస్తాలకి పెట్టేదాంతో పోలిస్తే ఏమీ కాదు. ఏటేటా ఎరువులేసిన పెరళ్ళలో భాస్వరం ఇప్పటికే ఎక్కువై ఉంటుంది చాలాసార్లు, ఇంకా వేస్తూనే ఉంటాం.

కాలం గురించి కూడా ఒక ముక్క. మన పెద్దవాళ్ళకి కార్తెలు తెలుసు. మృగశిర వచ్చింది, విత్తనాలు వేద్దాం అంటారు. అక్కడ జూన్‌లో వాన వస్తుంది కాబట్టి అది సరి. ఇక్కడ మే నెలలో వానలు గట్టిగా పడి, జులై, ఆగస్టు మాడిపోతాయి. మన ప్రాంతంలో ఆఖరి మంచు సగటున మార్చి మధ్యలో, అంటే ఇప్పుడే. టమాటా నారు ఇప్పుడు నాటకపోతే, మే నెలలో తీరిగ్గా నాటితే, మొక్క ఏపుగా ఎదుగుతుంది, పూస్తుంది, కాయ నిలవదు. రాత్రి ఉష్ణోగ్రత 75 ఫారెన్‌హీట్ దాటిందంటే టమాటా పిందె కట్టడం కష్టం. "మొక్క బ్రహ్మాండంగా ఉంది, కాయలే లేవు" అని జులైలో వచ్చే ఫోన్లన్నీ ఇవే. బెండ, గోంగూర, బీర, కాకర దీనికి రివర్సు, నేల వెచ్చబడ్డాక వేయండి, తొందరపడకండి. గోంగూరకి ఈ ఎండ పండగే. పగటి పొద్దు తగ్గాకే పూతకొస్తుంది కాబట్టి వేసవంతా ఆకు కోసుకోవచ్చు. పక్కింటి అమెరికన్లు ఆ పువ్వుల దొప్పలతో టీ కాస్తారు, మనం పచ్చడి చేసుకుంటాం, ఎవరూ గొడవపడక్కర్లేదు.

ఇప్పుడు అసలు విషయం. మన తెలుగువాళ్ళలో మాస్టర్ గార్డెనర్లు ఎందుకు కావాలి అని నన్నడిగితే, నేను ఒక్క మొక్క పేరు చెప్తాను. కరివేపాకు.

కరివేపాకు నిమ్మ కుటుంబంలోది. మీకు తెలిసి ఉండొచ్చు, తెలియకపోవచ్చు. ఆసియా సిట్రస్ సిల్లిడ్ అని ఒక పురుగు ఉంది, నువ్వుగింజంత. ఆకు మీద తల కిందకీ, తోక పైకీ, ఏటవాలుగా కూర్చుంటుంది. ఆ కూర్చునే తీరుతోనే పట్టేయొచ్చు దాన్ని. పిల్లపురుగులు లేత చిగుళ్ళలో, పసుపు నారింజ రంగులో, వాటి వెనక మైనపు దారాలు తెల్లగా ఉంగరాలు తిరిగి ఉంటాయి. ఈ పురుగుకి కరివేపాకంటే మహా ఇష్టం. ఒక్క మన ఇంట్లో చిగురు తింటే ఏమైంది అనుకోవచ్చు. కానీ ఇది నిమ్మ, నారింజ చెట్లకి గ్రీనింగ్ అనే తెగులు మోస్తుంది. నల్గొండలో, అనంతపురంలో బత్తాయి రైతుల ఇళ్ళనుంచి వచ్చినవాళ్ళకి ఆ పేరు కొత్త కాదు. చెట్టు పాలిపోతుంది, కాయ వంకరగా, సగం పచ్చగా, చేదుగా ఉండిపోతుంది, కొన్నేళ్ళకి చెట్టు పోతుంది. నయం చేసే మందు లేదు.

ఆ పురుగు ఫ్లోరిడాలో 1998లో కనబడింది. తెగులు 2005లో కనబడింది. 2003-04లో ఫ్లోరిడా నారింజ పంట 24 కోట్ల పెట్టెలు పైనే. 2022-23లో ఎంతో తెలుసా? కోటీ 60 లక్షల లోపు. తుపాన్లు కూడా దెబ్బతీశాయి, నిజమే, కానీ ప్రధానంగా ఈ తెగులే. టెక్సాస్‌లో 2012 జనవరిలో దక్షిణాన రియో గ్రాండే లోయలో దొరికింది. అదే ఏడాది మార్చిలో కాలిఫోర్నియాలో.

కరివేపాకు మొక్కకి ఆ తెగులు వచ్చి చావదు. అదే ప్రమాదం. మొక్క నిగనిగలాడుతూ ఉంటుంది, పురుగు దాని మీద కాపురం పెట్టి, పిల్లల్ని కని, ఊళ్ళు తిరుగుతుంది. మనమేం చేస్తాం? ఫ్లోరిడాలో పిన్నిగారి పెరట్లో పిలక తవ్వి, తడి గుడ్డలో చుట్టి, సూట్‌కేసులో పెట్టి తెస్తాం. కాలిఫోర్నియా నుంచి వచ్చే స్నేహితుణ్ణి ఒక మొక్క తెమ్మంటాం. ఇండియా నుంచి రెండు కట్టలు బ్యాగులో వేస్తాం, కస్టమ్స్‌లో తీసేసుకుంటే తిట్టుకుంటాం, "కరివేపాకుతో వీళ్ళకేం పోయింది" అని. పోయింది కదా, ఫ్లోరిడా అంతా పోయింది! క్వారంటైన్ ప్రాంతాల నుంచి, అంటే ఈ పురుగో తెగులో ఉందని ప్రభుత్వం కట్టడి చేసిన చోట్ల నుంచి, ఈ మొక్కని బయటికి తేవడం నేరం. ఇది మనకెవరు చెప్పారు? ఇంగ్లీషులో బోర్డులున్నాయి, అందులో ఆరెంజ్ బొమ్మ ఉంటుంది. ఆరెంజ్ బొమ్మ చూసి మన కరివేపాకు గురించి చెప్తున్నారని ఎవరనుకుంటారు? మా ఆఫీసులో మంచి మంచి మాస్టర్ గార్డెనర్లున్నారు, ఓక్ చెట్టు గురించి గంట మాట్లాడగలరు. కరివేపాకు ఇంటింటికీ ఎలా తిరుగుతుందో, పెళ్ళి గిఫ్టుగా కూడా ఎలా తిరుగుతుందో వాళ్ళకెలా తెలుస్తుంది? అది తెలిసింది మనకే. చెప్పాల్సింది కూడా తెలుగులో, వంటింట్లో నిలబడి.

మిగతా సేవ గురించి త్వరగా చెప్పేస్తాను. మెకిన్నీలో మైయర్స్ పార్క్‌లో మా డెమో తోట ఉంది, వెళ్ళి చూడండి. అక్కడ కలుపు తీయడం కూడా సేవ గంటల్లోకే వస్తుంది. హెల్ప్ డెస్క్‌లో ఫోన్లు, ఈమెయిళ్ళు ఉంటాయి. తెలియకపోతే, "కనుక్కుని చెప్తాను" అని పెట్టేసి, వెతికి, ఏజెంట్‌ని అడిగి, తిరిగి ఫోన్ చేస్తాం. ఈ "కనుక్కుని చెప్తాను" నోరు తిరగడానికి మనవాళ్ళకి కొంచెం టైము పడుతుంది. స్కూళ్ళలో పిల్లలతో తోటలు వేయించడం ఉంది. పండిన కూరగాయలు, లేనివాళ్ళకి ఉచితంగా సరుకులిచ్చే ఫుడ్ ప్యాంట్రీకి ఇవ్వడం ఉంది. అక్కడ ఒక్క సలహా, కాకరకాయలు పంపేముందు వాళ్ళకి వండటం తెలుసో లేదో అడగండి.

ఏమంటున్నారమ్మా? మైకు ఇవ్వండి ఆవిడకి. ఆ, అర్థమైంది. అడుగుతున్నది ఏమిటంటే, "నేను ఆర్నెల్లు ఇక్కడ, ఆర్నెల్లు విజయవాడలో ఉంటాను, ఇంగ్లీషు అంతంతమాత్రం, నేను చేరొచ్చా?" అని. మంచి ప్రశ్న పిన్నిగారూ. క్లాసులు ఇంగ్లీషులోనే, ఏడాది సేవ గంటలు పూర్తిచేయాలి కాబట్టి బ్యాడ్జి దాకా కష్టమే. పైగా విజిట్‌కి వచ్చినవాళ్ళ సంగతి ఆఫీసులో అడగాల్సిందే. కానీ మా డెమో తోట చూడ్డానికీ, అందరికీ తెరిచి పెట్టే పాఠాలు వినడానికీ బ్యాడ్జి అక్కర్లేదు. మీ అమ్మాయిని చేర్పించండి. ఆవిడ ఇంగ్లీషులో నేర్చుకుంటుంది, చీడ కనబడితే పట్టుకోవడానికి మీ కళ్ళున్నాయి.

ఇంకో ప్రశ్న వెనక నుంచి. దరఖాస్తు ఎప్పుడు? కౌంటీని బట్టి మారుతుంది, సాధారణంగా ఏడాదికి ఒకే బ్యాచ్. మీ ఇల్లు కాలిన్‌లో ఉందా, డెంటన్‌లో ఉందా, డాలస్‌లో ఉందా ముందు చూసుకోండి, ఫ్రిస్కో వాళ్ళు ముఖ్యంగా, మీ ఊరు రెండు కౌంటీల్లో ఉంది. ఆ కౌంటీ పేరుతో మాస్టర్ గార్డెనర్ అని వెతికితే తేదీలు కనబడతాయి.

సరే, ఇక మొక్కల బల్ల దగ్గరికి వెళ్దాం. విత్తనాలు, దొండ తీగలు, బచ్చలి తెచ్చినవాళ్ళు కుడివైపు బల్ల మీద పెట్టేయండి. కరివేపాకు మొక్కలు తెచ్చినవాళ్ళు మాత్రం ముందు నా దగ్గరికి రండి, భూతద్దం తెచ్చాను. ఎక్కడ కొన్నారో, ఏ ఊరినుంచి వచ్చిందో గుర్తు తెచ్చుకుని రండి. తెలియకపోతే తెలియదనండి, కానీ ఆ మొక్క ఇవాళ చేతులు మారదు.